అచ్చనగాయలు, సొట్టాంకల్లు: మన పిల్లల యాటమాటలు

మన సంఘముల ప్రత్యేక సంచికలలో తిరుమల నాయకుని మహలును గూర్చియు, రాణి మంగమ్మ వేయించిన బాటలను గూర్చియు, కోయంబత్తూరున మిల్లులు నెలకొల్పిన పెద్దలను గూర్చియు వ్యాసములు తఱచుగా వచ్చుచుండును. అవి రావలసినవే. ఈ మారు మేము మాత్రము చాల చిన్న విషయమును చేపట్టితిమి. మన పిల్లలు వీథిలో ఆడుకొనునపుడు నోట పలుకు మాటలే ఆ విషయము. రాజుల శాసనములు రాతిపై నున్నవి కనుక అవి యెక్కడికిని పోవు. ఈ మాటలకు పిల్లల నోరు తప్ప వేఱు ఆధారము లేదు. అందుచేతనే వీనిని గూర్చి తొందరగా వ్రాయవలెనని మాకు తోచినది.

మొదట మా యింటి ముచ్చట నొకదానిని చెప్పెదము. మా బాల్యమున సెలవులకు మధురనుండి మా మేనమామ బిడ్డలు కోయంబత్తూరునకు వచ్చుచుండిరి. ఇరు కుటుంబములును తెలుగువే. ఇంటిలో తెలుగు తప్ప మఱియొక మాట లేదు. అయినను నడవలో గులకరాళ్ళు పఱచుకొని కూర్చుండగానే ఆడపిల్లలకు తగవు పుట్టెడిది. మా అక్క దానిని ‘అంజాంగల్లు’ అనెడిది. మధుర పిల్ల ‘సొట్టాంకల్లు’ అనెడిది. ఎవరి మాట సరియో తేలక ఇద్దఱును అవ్వ దగ్గఱకు పరుగెత్తిరి. అవ్వ బియ్యము చెరుగుచు తల యెత్తకుండ, “అచ్చనగాయలే గదమ్మా, దానికెందుకింత రచ్చ?” అన్నది. ఆ మాట ఇద్దఱికిని కొత్తదే! ఇద్దఱును నవ్విరి. అవ్వ పేరు పాతకాలపు పేరని త్రోసివేసి, ఆ పూట ‘అంజాంగల్లు’, మఱుపూట ‘సొట్టాంకల్లు’ అని ఒప్పందము చేసికొని ఆడుకొనిరి.

ఆనాడు మేమును నవ్వితిమి. ఆ ఒక్క నడవలో మన చరిత్ర యంతయు కూర్చుండి యున్నదని చాలకాలమునకు గాని మాకు తెలియలేదు. అవ్వ మాట పూర్వులు వెంట తెచ్చుకొన్నది. మా అక్క మాట కోయంబత్తూరు వీథి యిచ్చినది. మధుర పిల్ల మాట పాండ్యనాటి వీథి యిచ్చినది. ఇంటి తెలుగు ఒక్కటే యైనను, ఇరుగుపొరుగు తమిళము వేఱు గనుక ఆటమాటలు రెండు విధములైనవి.

మన రాక కథ పాఠకులకు తెలిసినదే కనుక క్లుప్తముగా చెప్పి ముందునకు పోయెదము. పదునాలుగవ శతాబ్దమున విజయనగరపు కుమార కంపన మధురను జయించెను. ఆతని రాణి గంగాదేవి ఆ విజయమును సంస్కృతమున ‘మధురావిజయము’ అను కావ్యముగా రచించెను. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలనము నారంభించెను. 1736లో రాణి మీనాక్షితో ఆ వంశపు పాలనము ముగిసెను. ఈ రెండు వందల యేండ్లలోను, వానికి ముందు వెనుకలను, సైనికులు, సేద్యగాండ్రు, నేతగాండ్రు, వర్తకులు గుంపులు గుంపులుగా దక్షిణమునకు వచ్చిరి. 72 పాళెముల యేర్పాటు విశ్వనాథునికిని ఆతని దళవాయి అరియనాథునికిని చెందినదని చెప్పుదురు. బోడినాయకనూరు, అమ్మయనాయకనూరు, పెరియనాయకన్‌పాళెము, నరసింహనాయకన్‌పాళెము మొదలగు ఊళ్ళ పేళ్ళలో ఆ జాడ నేటికిని కనబడుచున్నది. కమ్మవారు, బలిజవారు, రెడ్లు, రాజకంబళమువారు, కోమట్లు, దేవాంగులలో కొందఱు, కోయంబత్తూరు ప్రాంతపు అరుంధతీయులు మున్నగు వారందఱును ఆ భాషను తమ తమ వీథులలో నిలుపుకొనిరి. పెద్దల చరిత్రలు వ్రాయునపుడు ఈ కడపటివారిని మఱచుట మన సంచికలకు అలవాటైపోయినది. తెలుగు నిలిచినది పెద్ద లోగిళ్ళలోనే కాదు.

ఇక ఆటలకు వత్తము. బిడ్డలు ఆటను తల్లిదండ్రులవలన నేర్చుకొనరు. తమకంటె రెండు మూడేండ్లు పెద్దవారైన పిల్లలవలన నేర్చుకొందురు. వారు పెద్దవారై ఆట మానగానే ఆ స్థానమునకు తరువాతి జట్టు వచ్చును. ఇంటి లెక్కలో ఒక తరము పాతికేండ్లయినచో, వీథి లెక్కలో ఒక తరము ఆఱేండ్లకు మించదు. విశ్వనాథ నాయకుని కాలమునుండి నేటివఱకు ఇంటి తరములు ఇరువది మాత్రమే. వీథి తరములు ఎనుబది దాటినవి! అన్ని చేతులు మాఱిన నాణెము అరిగిపోవలెను గదా? విచిత్రమేమనగా, అరగనివి కొన్ని కలవు. పిల్లలు ఆటలో కఠినమైన సనాతనులు. మాట మార్చినవానిని ఆటనుండి వెళ్ళగొట్టుదురు.

ఇంగ్లండులో ఓపీ దంపతులు ఈ సంగతిని శ్రద్ధగా పరిశీలించి 1959లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించిరి. సుమారు అయిదువేలమంది బడిపిల్లలనుండి మాటలు సేకరించిరి. ఆట నడుమ అలసినవాడు ‘ఆగు, నన్ను పట్టరాదు’ అని చెప్పుటకు వాడు ఒక్క మాట, ఆ చిన్న దేశములోనే ప్రాంతమునకొకటిగా నున్నదని వారు చూపిరి. లండను వైపు ఒకటి, స్కాట్లండున ‘బార్లీ’, న్యూకాజిల్ వైపు ‘స్కించ్’. ఈ ‘బార్లీ’ పదునాలుగవ శతాబ్దపు ఆంగ్ల కావ్యమున గూడ కనబడుచున్నదట. కంపన మధురను గెలిచిన శతాబ్దము నాటి మాట, నిక్కరు వేసికొన్న బాలుని నోట ఇరువదవ శతాబ్దమువఱకు బ్రదికి వచ్చినదన్నమాట.

మన నాటను ఇట్టి వైవిధ్యము తక్కువ కాదు. కోడు, బిళ్ళ పట్టుకొని ఆడు ఆటనే తీసికొనుడు. కోస్తా జిల్లాలలో అది బిళ్ళంగోడు, గూటీబిళ్ళ, కఱ్ఱాబిళ్ళ. తెలంగాణమున చిర్రగోనె. రాయలసీమలో చిల్లాకట్టె. కన్నడిగులకు చిన్నిదాండు, మలయాళులకు కుట్టియుం కోలుం, తమిళులకు కిట్టిపుళ్, గిల్లి. కిట్టిపుళ్లోని ‘పుళ్’ అనగా పక్షి. మన ‘పులుగు’ దానికి తోబుట్టువు. కొట్టగానే పక్షివలె లేచిపోవు బిళ్ళకు ఆ పేరు చక్కగా నప్పినది. మా వీథి తెలుగు పిల్లలలో బిళ్ళంగోడు అను మాట మా యెఱుకలో లేదు. మేమందఱము ‘కిట్టిపుల్లు’ అనియే పెరిగితిమి. ‘ళ’కారమును మాత్రము మన సౌకర్యమునకై ‘ల్లు’ చేసికొంటిమి.

గాలిపటము తెలంగాణమున పతంగి, తమిళమున కాత్తాడి. బొంగరము తమిళమున పంబరము. ఇవి యొక మూలపు శాఖలే యని వినగానే తెలియుచున్నది. తొక్కుడుబిళ్ళ తమిళమున పాండి. దానిలో విసరు పెంకును తమిళులు ‘చిల్లు’ అందురు, మనము ‘బిళ్ళ’ అందుము. కాని పగిలిన కుండ ముక్కను మనమును ‘చిల్లపెంకు’ అనుచునే యున్నాము గదా! దాగుడుమూతలు తమిళమున కణ్ణామూచ్చి. నేలా-బండా యని మనవారు పిలుచు ఆటను తమిళ పిల్లలు ‘కల్లా మణ్ణా’ యని పిలుతురు. మనము ముందు నేలను, తరువాత బండను చెప్పుదుము. వారు ముందు ఱాతిని, తరువాత మట్టిని చెప్పుదురు. ఆట మాత్రము ఒక్కటే. ఇక పిల్లవానిని వీపున మోయుట మనకు ఉప్పుమూట, వారికి ఉప్పు మూట్టై. ఇచ్చట సరిహద్దే లేదు.

చిన్నవాడు ఏడ్చి గోలచేయగా వానిని ఆటలో పేరునకు చేర్చుకొందురు. వాడు పట్టుబడినను దొంగ కాడు. అట్టివానిని మన తెలుగు నాట ‘ఆటలో అరటిపండు’ అందురు. తమిళులు ‘ఒప్పుకు చ్చప్పాణి’ అందురు. మాటవరుసకు చేర్చుకొన్న కుంటివాడని దాని భావము. రెండింటిలో మాకు అరటిపండే ప్రియము. దానిలో ఎగతాళి తక్కువ, తీపి యెక్కువ. మా పిల్లలు మాత్రము చప్పాణినే యెఱుగుదురు.

మఱియొక జంటను చూడుడు. తమిళ పిల్లలు అలిగినపుడు ‘కాయ్’ అందురు, రాజీపడినపుడు ‘పళం’ అందురు. స్నేహము పచ్చికాయ యగుట, మరల పండుట! తెలుగు నాట హిందీనుండి వచ్చిన ‘కటీఫ్’ అలుకకును, ‘జట్టు’ స్నేహమునకును వాడుదురు. తమిళుల మాట యెంత అందముగా నున్నదో యని మేము చాల నాళ్ళు అసూయపడితిమి. తరువాత స్ఫురించినది: అష్టాచెమ్మాలో మనము జరుపునవి కాయలే, అవి నడిమి యింటికి చేరినపుడు ‘పండినవి’ అందుము గదా! తమిళుల తాయపు ఆటలోను కాయలు పండ్లగుచున్నవి. ఊహ ఇరువురి సొత్తే. దానిని పీటమీదనుండి స్నేహమువఱకు తీసికొనిపోయినవారు తమిళ పిల్లలు.

ఇన్ని మాటలను వరుసగా పెట్టి చూచినపుడు మాకొక సంగతి తోచినది. మన కుటుంబములలో తెలుగుపేరు నిలిచినవి నడవలో ఆడు ఆటలు. తమిళపేరు వచ్చినవి వీథిలో ఆడు ఆటలు. అచ్చనగాయలు, వామనగుంటలు, పులిమేక మొదలగునవి అవ్వల యొద్ద, వానకాలపు మధ్యాహ్నములందు నేర్చుకొన్నవి. కిట్టిపుల్లు, పాండి, పంబరము వీథిలో నేర్చుకొన్నవి. వీథిలో గౌండర్ల పిల్లలు, ముదలియార్ల పిల్లలు, తేవర్ల పిల్లలు, సౌరాష్ట్రుల పిల్లలు అందఱును ఉండిరి. ఆటకు ఒక్క భాష కావలెను. అది తమిళమగుట సహజము, న్యాయము కూడ. ఈ సౌరాష్ట్రుల మాట వచ్చినది కనుక చెప్పుచున్నాము: వారి భాషలో తెలుగు మాటలు విస్తారముగా కలవు; ఒకప్పుడు తమ భాషను తెలుగు లిపిలోనే వ్రాసికొనిరి. మధుర వీథిలో ఎవరి మాట యెవరిదో తేల్చుట అంత సులభము కాదు.

ఇక మాకు మనసున గ్రుచ్చుకొన్న సంగతి. మా పదవయేట బెజవాడ వైపు ఒక పెండ్లికి పోతిమి. విడిదింటి పెరటిలో పిల్లలు గీతలు గీయుచుండగా మా చెల్లెలు, “పాండి ఆడదామా?” అని అడిగినది. “పాండి ఏంటి? తొక్కుడుబిళ్ళ. మీరు అరవోళ్ళా?” అని ఒక పిల్ల నవ్వినది. తరువాత మేము ‘అంగడికి పోయి వస్తాము’ అనగా మఱల నవ్వు. వారికి అది ‘కొట్టు’. మా చెల్లెలు అవ్వ కొంగు పట్టుకొని యేడ్చినది. “ఏడవద్దు తల్లీ, గీత తొక్కకుండా ఆడు, చాలు,” అని అవ్వ పంపినది. చెల్లెలు ఆడి గెలిచినది గాని, ఇంటికి వచ్చిన తరువాత కొన్నాళ్ళు తెలుగు మాటలాడుటకే సంకోచించినది. ఇచ్చట మనలను తెలుగువారందురు, అచ్చట అరవవారందురు. ఈ బాధ మన కుటుంబములలో పడనివారు అరుదు.

వారు నవ్విన రెండు మాటలలో ఒకటి నిజముగానే తమిళము. రెండవది కాదు. ‘అంగడి’ మన ప్రాచీన కావ్యములలో నున్న తెలుగు మాట. రాయలసీమలోను తెలంగాణమునను నేటికిని వినబడునది. తెలిసినవారు ఆనాడు ఒక్కరున్నను ఆ పిల్లకు చెప్పియుండెడివారు. సురవరము ప్రతాపరెడ్డిగారు తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో పూర్వకాలపు ఆటలను గూర్చి శ్రద్ధగా వ్రాసిరి. పాల్కురికి సోమనాథుని కృతులలోను, అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’లోను ఆటల పేళ్ళు కుప్పలుగా నున్నవి. వానిలో అనేకము నేడు ఎట్లు ఆడుదురో తెలియని స్థితి వచ్చినది. అనగా తెలుగు నాటను ఆటమాటలు భద్రముగా లేవు.

దీనికి విరుద్ధమైన వింత మహారాష్ట్రమున నున్నది. పని మీద పుణెకు పోయినపుడు ఒక మిత్రుని యింటి ముందు పిల్లలు ‘విటీదాండూ’ ఆడుచుండిరి. అది మన బిళ్ళంగోడే. బిళ్ళను కొట్టు వరుసకు వారొక లెక్క చెప్పుచుండిరి: వకట, లేండ, మూండ, నాల. మేము నిలిచిపోతిమి. ఒకటి, రెండు, మూడు, నాలుగు! మిత్రుని అడుగగా, “అవి ఆటమాటలు, అర్థమేమియు లేదు,” అని చెప్పెను. మరాఠీలో ఏక్, దోన్, తీన్, చార్ అని గదా లెక్కింతురు. కన్నడమున ఒందు, ఎరడు. తమిళమున ఒన్ఱు, ఇరండు. ‘వకట’కు ‘ఒకటి’యు, ‘లేండ’కు ‘రెండు’ను తప్ప దగ్గఱి చుట్టము లేదు. ‘మూండ’లోని సున్న మఱింత ముచ్చటైనది. మన ‘మూడు’ పూర్వము ‘మూండు’. వ్యాకరణజ్ఞులు మొన్నమొన్నటివఱకు ‘మూఁడు’ అని అరసున్నతో వ్రాయుచుండిరి. మనము పోగొట్టుకొన్న సున్నను మరాఠీ పిల్లలు భద్రపఱచిరని మా సంతోషము. ‘లేండ’కు ప్రాసగా ఆ సున్న తరువాత చేరినదని వాదించువారును ఉండవచ్చును. వారి నోరు మూయించు సాక్ష్యము మా యొద్ద లేదు. ఏమైనను, తెలుగు ఎఱుగని పిల్లలు తెలుగని తెలియక తెలుగు లెక్కను తరతరములుగా కాపాడుచున్నారు. అర్థము తెలియకపోవుటయే వారి లెక్కకు రక్షయైనదేమో! అర్థము తెలిసినచో ఎవరో ఒకరు దానిని దిద్దియుందురు.

తమిళులు తమ ఆటలను గూర్చి మనకంటె ముందు మేలుకొనిరి. దేవనేయ పావాణరుగారు 1954లోనే తమిళనాటి ఆటలను గూర్చి గ్రంథము వ్రాసి, ఒకే ఆట పాండ్యనాట ఎట్లు, చోళ కొంగునాడులలో ఎట్లు అని వివరించిరి. తెలుగున భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము, వ్యవసాయపు మాటలతో, 1962లో వెలువడెను. అది ఆంధ్రప్రదేశపు ఊళ్ళ మాటలకు చేసిన గొప్ప పని. మన ఊళ్ళు దాని ఎల్లకు బయటివి. అంతకు పూర్వము గ్రియర్సను చేసిన భాషా సర్వేక్షణము మద్రాసు రాజధానిని వదలిపెట్టినది. కోవిల్‌పట్టి దగ్గఱి ఇడైసెవలున తెలుగు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్‌గారు, 2021లో కాలధర్మము చెందినవారు, 1976లో ‘గోపల్ల గ్రామము’ అను తమిళ నవలలో మనవారి వలసకథను చెప్పిరి. కరిసల్ నేల తమిళ మాటలకు నిఘంటువును గూడ కూర్చిరి. తెలుగింటి బిడ్డ తమిళ మాండలికమునకు చేసిన సేవను చూచి మేము గర్వింతుము. ఆ గర్వముతోపాటు కొంచెము సిగ్గును పడుదుము. మన యింటి తెలుగునకు అట్టి పని మనమే చేసికొనవలసియున్నది.

2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు నూటికి 5.87 వంతు, అనగా నలువది రెండు లక్షలు. సంఖ్య చిన్నది కాదు. కాని లెక్కలవాడు వచ్చినపుడు తెలుగని చెప్పుటకును, బిడ్డ ఆడుచు తెలుగున అఱచుటకును చాల దూరము కలదు. 2006 చట్టము తరువాత బడులలో తమిళము తరగతి వెంట తరగతిగా నిర్బంధమైనది. తమిళము నేర్చుటలో మనకు నష్టము లేదు, మనలో నేర్వనివారెవరు? తెలుగునకు గంట మిగులకపోవుటయే చిక్కు. వీథియు మాఱినది. మా మనుమలు కణ్ణామూచ్చి అనరు, దాగుడుమూతలు అనరు. ‘హైడ్ అండ్ సీక్’ అందురు. ఎనుబది వీథి తరముల గొలుసు తెగుటకు ఒక్క తరము ఆడకుండుట చాలును. ఇంటి మాటను అవ్వ మనుమరాలికి నేరుగా అందింపగలదు. వీథి మాటకు అట్టి దాటు లేదు.

కావున పాఠకులకు మా విన్నపము. మీ యింటిలో ఎనుబది యేండ్లు దాటినవారున్నచో, ఈ పండుగ సెలవులలో వారి దగ్గఱ కూర్చుండుడు. ఆటలో దొంగను ఎట్లు ఎంచెడివారో, పంటలు వేసెడివారా, చాపూత్రి అనెడివారా, అడుగుడు. రాళ్ళాటలో మొదటి యెత్తునకు ఏమి పేరో, అలసినపుడు ఏమని అఱచెడివారో అడుగుడు. ఊరి పేరును తప్పక వ్రాయుడు. పీలమేటి మాటను మధుర మాటతో కలిపివేయవద్దు. తమిళ మాటయని తీసివేయవద్దు, తప్పని దిద్దవద్దు. వచ్చు సంచికకు ఆ పట్టికలను పంపినచో మేము వరుస పెట్టుదుము.

మేమును మా యింట మొదలుపెట్టితిమి. అవ్వ ఆడిన వామనగుంటల పీట అటకమీద దొరకినది. వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు, ఒక మూల విఱిగినది. మా మనుమరాలు దానిని చూడగానే “పల్లాంకుళి!” అన్నది. చింతగింజలు పోసి రెండు ఆటలు ఆడిన తరువాత అవ్వ పేరు చెప్పితిమి. అవ్వ వామన అనెడిది కాదు, ‘ఓమనగుంటలు’ అనెడిది. పిల్ల రెండు పేళ్ళను పీట అడుగున సుద్దతో వ్రాసినది. తెలుగు లిపి రాదు గనుక రెండింటిని తమిళాక్షరములతోనే వ్రాసినది. ఆ లిపిలో క-గ భేదము లేదు. మఱునాడు మధురనుండి వచ్చిన చుట్టాల పిల్ల దానిని చదివి, “ఓమన కుండలా? కుండలెక్కడ?” అని అడిగినది.